చెంగ్దూ సందుల్లో ఈగల హోటళ్ల వేట: ఇప్పటివరకు తేలిన సంగతులు

లోపల నాలుగు బల్లలు, మసిబారిన గోడ, చోటు చాలక కాలిబాట మీదికి వచ్చేసిన ప్లాస్టిక్ స్టూళ్లు. ఇలాంటి చోటును చైనాలోని చెంగ్దూ నగర జనం ‘ఈగల హోటలు’ అంటారు. తిట్టు కాదు, మురిపెంగా పెట్టుకున్న పేరు. ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చిపోతున్న నాకు ఖాళీ పూటల్లో వీటిని వెతకడమే వ్యాపకం. పోగుపడిన వివరాలు అప్పుడప్పుడు ఇలా రాసిపెట్టుకుంటున్నాను.

2010లో యునెస్కో చెంగ్దూను ఆహార నగరంగా గుర్తించింది. ఆసియాలో ఆ గుర్తింపు మొదట దక్కింది దీనికే. ఆ పేరు విని వచ్చినవాళ్లంతా క్వాన్‌జై, జిన్లీ అనే పర్యాటక వీధులకే పోతారు. అక్కడ ఎర్ర లాంతర్లు చూడండి, తిండి మాత్రం ఇంకోచోట తినండి.

ఎక్కడ వెతుకుతున్నానంటే

నాకు బాగా కలిసివచ్చింది యూలిన్ ప్రాంతం. మెట్రో ఒకటో లైనులో నీజియాచ్యావో స్టేషను దగ్గర దిగితే నడిచిపోవచ్చు. లిఫ్టులు లేని పాత అపార్ట్‌మెంట్లు, కింది అంతస్తులో దుకాణాలు, మధ్యలో కూరగాయల మార్కెట్టు. మార్కెట్టు గేటు దగ్గర మొదలుపెట్టి చుట్టూ ఉన్న సందులన్నీ ఒకసారి చుట్టేస్తాను. సరుకు పక్కనే దొరుకుతుంది కాబట్టి మంచి హోటళ్లు దానిని అంటిపెట్టుకునే ఉంటాయి.

గూగుల్ మ్యాప్స్ మీద ఆశ పెట్టుకోకండి. చైనాలో అది ప్రత్యేక ఏర్పాట్లు లేకుండా తెరుచుకోదు, తెరుచుకున్నా గుర్తులు కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తాయి, ఎందుకంటే చైనా పటాలు వాడే అక్షాంశ రేఖాంశాల లెక్కే వేరు. గావ్‌దె అనే స్థానిక మ్యాపు పెట్టుకుంటే గల్లీ చివరిదాకా దారి చూపిస్తుంది. జనం రేటింగులు ఇచ్చే దియెన్‌పింగ్ యాప్ కూడా చూస్తాను కానీ, తిరగేసి చదువుతాను: నాలుగున్నర దాటిన చోట ఫొటోలకోసం క్యూ ఉంటుంది; మూడున్నర దగ్గర ఉండి, ‘స్టూలు ఇరుకు, యజమాని విసుక్కుంటాడు, రుచి మాత్రం అలాగే ఉంది’ వంటి ఫిర్యాదులు కనిపిస్తే ఆ పూట అక్కడికే.

గుమ్మం ముందు చూసుకునేవి

గుమ్మం దగ్గర వెదురు ఆవిరి గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండాలి, పక్కన పెద్ద గిన్నెల్లో పులుసుకూరలు ఉడుకుతుండాలి. మెనూ గోడ మీదే ఉంటే మంచిది. బొమ్మలతో, ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకం చేతికిస్తే నేను మర్యాదగా బయటికి నడుస్తాను. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వేళ. పదకొండున్నర దాటాక మెకానిక్కులు, ఆసుపత్రి ఆయాలు, ఆఫీసు కుర్రాళ్లు ఒకే బల్ల పంచుకుని తింటున్నారంటే ఇక ఆలోచించనక్కర్లేదు. ఒంటిగంటన్నర తరువాత మంచి కూరలు అయిపోతాయి. రెండు నుంచి ఐదు వరకు చాలాచోట్ల పొయ్యి ఆర్పేసి, ఆ బల్లల మీదే చిక్కుళ్లు ఒలుస్తుంటారు.

పొద్దుటి నూడుల్స్ కోసం చీకట్లోనే లేవాలి. చైనా అంతటికీ బీజింగ్ సమయమే కావడంతో పడమటికి ఉన్న చెంగ్దూలో జనవరిలో ఎనిమిది గంటలకు గాని తెల్లవారదు. దుకాణాలు మాత్రం గడియారాన్ని బట్టే తెరుస్తారు.

అడిగే పద్ధతి, డబ్బు

నూడుల్స్ ఇక్కడ లియాంగుల్లో అడగాలి. ఒక లియాంగు 50 గ్రాములు. రెండు లియాంగులు మామూలు ఆకలికి సరిపోతాయి. రెండు రకాలు రుచి చూడాలంటే ఒక్కొక్కటి చొప్పున చెప్పవచ్చు. గిన్నె పది పదిహేను యువాన్లు, అంటే సుమారు 120 నుంచి 180 రూపాయలు. అన్నంతో కూరలు తినే చోట ఒక్కో కూర ఇరవై నుంచి ముప్పై అయిదు యువాన్ల వరకు ఉంటుంది. అన్నం, ఊరబెట్టిన కూరగాయలు చాలాచోట్ల ఎవరికివారు వడ్డించుకోవచ్చు, ఎంత వేసుకున్నా ఎవరూ లెక్కపెట్టరు. ఈ సంగతి తెలిశాక నేను ఒక కూరతోనే సరిపెట్టుకుంటున్నాను.

బయలుదేరే ముందే ఫోనుతో డబ్బు చెల్లించే అలీపే యాప్ పెట్టుకుని వీసా లేదా మాస్టర్‌కార్డు జతచేసుకోండి. విదేశీ కార్డుతో 200 యువాన్లు దాటితేనే మూడు శాతం రుసుము పడుతుంది, ఈ హోటళ్లలో ఒక్కరికి అంత బిల్లు రావడం కష్టం. నగదు తీసుకుంటారు కానీ చిల్లర కోసం గల్లా అంతా వెతుకుతారు.

నాలుక సంగతి

కారానికి మనవాళ్లు భయపడనక్కర్లేదు. చెంగ్దూ ఉన్న సిచువాన్ రాష్ట్రపు వంటలో ఎక్కువగా వాడే అర్జింగ్‌తియావ్ మిరప వాసనకు, రంగుకు పేరుపడ్డది, ఘాటు తక్కువే. ఘాటు కావలసినప్పుడు చైనా మన ఖమ్మం, గుంటూరు తేజ మిరపను పెద్ద ఎత్తున కొంటుంది. కొత్తగా అనిపించేది హువాజియావ్. మన కరివేపాకు, నిమ్మల కుటుంబానికే చెందిన చెట్టు గింజల తొడుగు అది. పెదవులు తిమ్మిరెక్కుతాయి, నీళ్లు తాగితే తగ్గదు, కాసేపు ఆగడమే మందు.

ఆహార నియమాలు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: మాపో తోఫు పేరుకు తోఫు (సోయా పనీరు) అయినా సంప్రదాయ పద్ధతిలో గొడ్డుమాంసం ఖీమా పడుతుంది. దాన్‌దాన్ నూడుల్స్‌లో పంది ఖీమా. ఆకుకూరల వేపుడు కూడా పందికొవ్వుతో చేయవచ్చు. ‘ఆకుకూర’ అన్న పేరును బట్టి వంటలో ఏమి పడిందో తెలియదు. ‘మాంసం వద్దు, పందికొవ్వు వద్దు, శాకాహార నూనె వాడండి’ అని ఫోనులో చైనీస్‌లో రాసి ఉంచుకుని వంటవాడికే చూపించాలి. రద్దీ వేళ ఈ మాటకు జవాబు సరిగా రాదు, పదకొండు గంటలకే వెళ్లడం మేలు. పూర్తి శాకాహారులకైతే వెన్‌షూ బౌద్ధ మఠంలోని భోజనశాల ఉంది. అది ఈగల హోటలు కాదు, కానీ అక్కడ అడగవలసిన పనే లేదు.

ప్రస్తుత స్థితి

యూలిన్‌లో మూడు చోట్లకు మళ్లీ మళ్లీ వెళుతున్నాను: ఒకటి తియ్యటి కారపు సాస్‌లో లావు నూడుల్స్ వేసేది, ఇంకొకటి మెత్తటి తోఫు గిన్నెలో ఎర్రనూనె పోసి ఇచ్చేది, మూడోది మధ్యాహ్నం మాత్రమే తెరిచే అన్నం హోటలు. వాటి పేర్లు పనికిరావు, బోర్డులు మారుతుంటాయి. సందులో ఎన్నో దుకాణమో, పక్కన ఏముందో గుర్తుపెట్టుకుంటున్నాను. కుందేలు తలకాయల జోలికి ఇంకా పోలేదు, ఊరంతా ఇష్టంగా కొరుకుతున్నారు గనక త్వరలో వెళతాను. తరువాతి విడత పొద్దుటి హోటళ్ల కోసం ఈ మార్కెట్టు నుంచి ఊరి ఉత్తరం వైపు మార్కెట్లకు మారబోతున్నాను.