పాత డమ్మీని నా కొలతలకు తెస్తున్నాను: ఇప్పటివరకు అయిన పని

ఇంట్లో బట్టలు కుట్టుకునేవాళ్లు ముందు భాగం ఎలా ఉన్నా అద్దంలో చూసి సరిచేసుకోగలరు. వీపు దగ్గరే చిక్కు. మనకి కనపడదు, గుండుసూది పెట్టబోయి చెయ్యెత్తితే గుడ్డంతా పైకి లేస్తుంది, దించితే మళ్లీ మారిపోతుంది. డమ్మీ, అంటే బట్టలు తొడిగి సరిచూసుకునే ఒంటి ఆకారం బొమ్మ, అవసరం నాకు అక్కడే తెలిసింది. దొరికింది పాతది: కాగితం పొరలతో చేసిన ఒళ్లు, పైన నార గుడ్డ, కింద పోత ఇనుప స్టాండు. దాన్ని బాగుచేస్తున్న తీరు రాసిపెడుతున్నాను. పాత డమ్మీ చేతికొచ్చిన ఇంకొకరికి పనికొస్తుంది.

చేతికొచ్చినప్పుడు

గుడ్డ నిండా గోధుమరంగు మరకలు, ముక్కిన వాసన. ఎడమ చంక కింద అరచేయంత సొట్ట. అడుగు అంచు పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. స్టాండు రాడ్డు తుప్పు పట్టి, ఎత్తు మార్చే మర బిగుసుకుపోయింది. మెడ మీది చెక్క మూత మాత్రం చెక్కుచెదరలేదు.

బాగవుతుందా లేదా అన్నది వేలి కణుపుతో తట్టి తేల్చుకున్నాను. పొరలు గట్టిగా అతుక్కుని ఉన్నచోట టక్కుమని పొడి శబ్దం వస్తుంది. విడిపోయినచోట డొల్లగా, మెత్తగా పలుకుతుంది. పైనుంచి కిందదాకా తట్టుకుంటూ వెళ్లి, డొల్ల పలికినచోటల్లా సుద్దతో చుట్టాను. సొట్ట చుట్టూ కొంత, అడుగు అంచు, కుడి భుజం వెనక కాస్త, అంతే. భుజాల అంచులూ నడుమూ గట్టిగా ఉన్నాయి. ఈ రెండూ మెత్తబడిన డమ్మీ అయితే నేను దాని జోలికి వెళ్లను. బట్ట బరువంతా వేలాడేది భుజాల మీదే, మనం పదేపదే నొక్కి పిన్నులు పెట్టేది నడుము దగ్గరే.

ఈ రకం డమ్మీలు ఇప్పటికీ చేత్తోనే తయారవుతున్నాయి. పారిస్‌లో 1867లో మొదలైన స్టాక్‌మన్, న్యూయార్క్‌లో 1931లో మొదలైన వుల్ఫ్ ఈ పనికి పేరుపడ్డ సంస్థలు. అచ్చు మీద కాగితం పొరలు అతికించి, ఆరాక తీసి, పైన పల్చటి దూది పొర పరిచి, దాని మీద నార గుడ్డ బిగిస్తారు. చేత్తో పుట్టిన వస్తువు కాబట్టి చేత్తోనే బాగవుతుంది. కాగితం పోయినచోట మళ్లీ కాగితమే పెడతాం.

చక్రాలు తిప్పితే పెద్దదయ్యే ప్లాస్టిక్ రకం కొనేటప్పుడు చూసుకోవాల్సినవి వేరు. లోపలి పళ్లు అరిగాయేమో ప్రతి చక్రాన్నీ రెండు వైపులా తిప్పి చూడాలి. గుడ్డ కింది పల్చటి స్పాంజి పాతబడితే జిగటగా మారి పొడిగా రాలుతుంది. అదంతా గీకి తీసి కొత్త పొర వెయ్యక తప్పదు.

విప్పడం, శుభ్రం

ముక్కుకి మాస్కు కట్టుకుని, పాత నార గుడ్డని కుట్ల దగ్గర బ్లేడుతో విప్పాను. చింపెయ్యకుండా విప్పడమే మంచిది. ఆ ముక్కల్ని ఇస్త్రీ చేసి కాగితం మీద గీసుకుంటే కొత్త తొడుగు కటింగుకి ఆధారం దొరికినట్టే. కింద పసుపెక్కిన దూది పొరని తీసి పారేశాను. కాగితపు ఒంటిని మెత్తటి బ్రష్షుతో, తర్వాత వాక్యూమ్ క్లీనర్‌తో దులిపి, గాలి ఆడేచోట నీడపట్టున ఉంచాను. తడిగుడ్డతో రుద్దకూడదు, లోపలి జిగురు నీళ్లకి కరుగుతుంది. వాసన చాలావరకు పోయింది. నిజానికి వాసనంతా గుడ్డలోనూ దూదిలోనూ ఉండిపోయింది.

సొట్ట, అంచు

జిగురు నీళ్లకి కరిగే గుణమే సొట్ట తియ్యడానికి పనికొచ్చింది. అడుగు తెరిచే ఉంటుంది కాబట్టి లోపలికి చెయ్యి పెట్టి, బాగా పిండిన తడిగుడ్డని సొట్ట వెనక ఆనించి ఉంచాను. కాగితం కాస్త లొంగుతోందనిపించగానే గుడ్డ చుట్టిన చెక్కముక్కతో లోపలినుంచి నెమ్మదిగా నెట్టి, చుట్టిన పాత తువ్వాళ్లు ఆ చోట బిగుతుగా కుక్కి, పూర్తిగా ఆరేదాకా కదపలేదు. పైకి లేచింది. పూర్తి నునుపు రాలేదు గానీ మీద పొరలు వస్తాయి కాబట్టి అదేం ఇబ్బంది కాదు.

తర్వాత కాగితం పొరలు. ప్యాకింగ్‌కి వాడే గోధుమరంగు కాగితాన్ని పట్టీలుగా చేత్తో చింపాలి. కత్తెరతో కోస్తే అంచు మెట్టులా నిలబడి పై గుడ్డలోంచి తెలిసిపోతుంది. చింపిన అంచు పల్చబడి కలిసిపోతుంది. చెక్కలకి వాడే తెల్ల జిగురు రెండు వంతులు, నీళ్లు ఒక వంతు. ఒక పొర నిలువుగా, మీది పొర అడ్డంగా. ఒక పొర ఆరాకే ఇంకోటి, తొందరపడితే లోపల తేమ చిక్కుకుని బూజు పడుతుంది. మైదా జిగురుతోనూ చెయ్యొచ్చు, కానీ దానికి పురుగు పడుతుంది. అందుకే పుస్తకాలు కుట్టేవాళ్లు అందులో మైలుతుత్తం కలుపుతారు. తెల్ల జిగురుకి ఆ బెడద లేదు.

అడుగు అంచుకి లోపలా బయటా మడిచి అతికిన పట్టీలు వేశాను. ఆరాక 120 నంబరు ఎమరీ పేపరుతో ఒకసారి పైపైన రుద్దితే చాలింది.

స్టాండు

బిగిసిన మరకి తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున చిన్న సుత్తితో చుట్టూ తట్టి, కొంచెం బిగించి కొంచెం వదులు చేస్తూ పోతే కదిలింది. ఒకే వైపు బలంగా తిప్పితే మర తెగుతుంది. తుప్పు వైరు బ్రష్షుతో గీకి, ఎమరీ పట్టి, థిన్నర్‌తో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, నల్ల ఎనామెల్ రెండు కోట్లు. రాడ్డు లోపలికి జారే భాగానికి రంగు వెయ్యలేదు, వేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. అక్కడ పల్చగా మెషిన్ ఆయిల్ రాశాను.

కొలతలు

అసలు పని ఇక్కడ మొదలైంది. డమ్మీ అందంగా తయారవడం వేరు, మన ఒళ్లుగా మారడం వేరు. చాలామంది చెస్ట్, నడుము, సీటు (పిరుదుల దగ్గర) చుట్టుకొలతలు మూడూ కలిస్తే చాలనుకుంటారు. నేను ఒప్పుకోను. ఒకే 36 చెస్ట్ ఉన్న ఇద్దరిలో ఒకరికి వీపు వెడల్పు, ఇంకొకరికి ముందు భాగం నిండు. టేపుకి ఇద్దరూ ఒకటే, బట్టకి కాదు. అందుకే చుట్టుకొలతని పక్క కుట్టు దగ్గర రెండుగా విడగొట్టి, ముందు ఎంత, వెనక ఎంత అని విడివిడిగా రాసుకోవాలి.

నడుముకి ఒక సన్నని ఎలాస్టిక్ కట్టుకుంటే అది తనంతట తనే నడుము ఉన్నచోట కూర్చుంటుంది. కొలతలన్నీ అక్కడినుంచే. మా అక్క టేపు పట్టుకుంది. నేను భుజాలు వెనక్కి విరిచి నిలబడేసరికి, "అలా కాదే, నువ్వు రోజూ ఎలా నిలబడతావో అలాగే నిలబడు. బట్ట వేసుకునేది ఆ ఒంటికే కదా" అంది. అలా వదులుగా నిలబడ్డాక వీపు వెడల్పు అర అంగుళం పెరిగింది, ముందు ఛాతీ వెడల్పు ఆ మేరకు తగ్గింది. భుజాలు ముందుకి వాలే నాలాంటివాళ్లకి ఆ అర అంగుళమే చంక వెనక పట్టేస్తుంటుంది.

లెక్కలు ఇలా వచ్చాయి, అన్నీ అంగుళాల్లో. చెస్ట్ నాది 36½: ముందు 19½, వెనక 17. డమ్మీది 33: ముందు 17½, వెనక 15½. నడుము నాది 31: ముందు 16½, వెనక 14½. డమ్మీది 26: ముందు 13½, వెనక 12½. మెడ ఎముక నుంచి నడుముదాకా వీపు పొడవు నాది 15¼, డమ్మీది 16¼.

ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. చుట్టుకొలత ఎంత తక్కువున్నా దూది పెట్టి పెంచుకోవచ్చు, పొడవుని కోసి తగ్గించలేం. డమ్మీ నాకంటే సన్నగా ఉండటం కలిసొచ్చింది: దాని నడుము గుంటని దూదితో పూడ్చి, సన్నటి చోటు ఒక అంగుళం పైకి వచ్చేలా కొత్త నడుము మలుచుకోవచ్చు. డమ్మీ నడుము మన నడుమంతే ఉంటే ఈ అవకాశం ఉండదు. వీపు పొడవు డమ్మీకే తక్కువైతే మాత్రం తేలిక, భుజాల మీద ప్యాడ్ వేసి ఎత్తు పెంచితే సరి. కొనేటప్పుడు ప్రతి కొలతా మనకంటే తక్కువున్నదే చూసుకోవాలి.

నడుము దగ్గర 5 అంగుళాల తేడా చూసి కంగారు పడక్కర్లేదు. చుట్టూ పావు అంగుళం మందం పెంచితే చుట్టుకొలత దాదాపు ఒకటిన్నర అంగుళాలు పెరుగుతుంది. అంటే 5 అంగుళాలకి కావలసిన మందం ముప్పావు అంగుళం కంటే ఒక పిసరు ఎక్కువ. నొక్కితే ఉండే మందం లెక్క అది, దూది పొంగి ఉన్నప్పటిది కాదు.

ముందు తొడుగు, తర్వాత దూది

దూది చుట్టేసి దాని మీద తొడుగు కుట్టడం ఒక పద్ధతి. నాకు నచ్చింది దానికి తిరగబడ్డది: తొడుగుని ముందు నా ఒంటికే సరిపెట్టి, డమ్మీకి అది తొడిగి, నిండేదాకా లోపల దూది సర్దడం. అప్పుడు అచ్చు నా ఒళ్లే అవుతుంది.

సాగని కోరా గుడ్డ తీసుకున్నాను. సాగే గుడ్డయితే దూది ఎటు పొంగితే అటు సాగిపోయి కొలత నిలబడదు. ఉతికి, ఇస్త్రీ చేసి, ప్రిన్సెస్ కట్‌లో (భుజం నుంచి చెస్ట్ మీదుగా నిలువు కుట్లు దిగే తీరులో) కత్తిరించాను. వదులు అసలు ఇవ్వలేదు. కచ్చా కుట్లు వేసి నేను తొడుక్కుంటే అక్క వెనక మధ్యలో పిన్నులు పెట్టింది. నడుము పైన వీపు మీద అడ్డంగా మడత పడింది, అది పొడవు ఎక్కువైందని చెప్పే మడత. చిటికెతో పట్టి లాగేస్తే పోయింది. భుజం కుట్టుని అర అంగుళం ముందుకి జరపాల్సొచ్చింది. లోపల దూది ఒత్తిడి ఉంటుంది కాబట్టి మెషిన్ మీద ప్రతి కుట్టూ రెండుసార్లు వేశాను. వెనక మధ్యలో జిప్పు.

దూది విషయానికొస్తే, బొంతల్లో పరిచే పాలిస్టర్ షీటు వాడాను. ముందుగా ఒంటికంతా ఒక పల్చటి పొర. తర్వాత సరిగ్గా సరిపోయే పాత బ్రా తొడిగి కప్పులు నింపి, భుజం మీద మెడ పక్కనుంచి చెస్ట్ పాయింట్‌దాకా (ఛాతీ అన్నిటికంటే ముందుకి ఉండే చోటు) 10¼, రెండు పాయింట్ల మధ్య 7½ వచ్చేలా సర్దాను. బ్రా లేకుండా ఊహమీద దూది పెడితే ఎత్తు ఎప్పుడూ పైకే పోతుంది. మిగతాచోట చిన్న ముక్కలు కింద, పెద్దవి మీద. అంచుల్ని కత్తెరతో కాకుండా వేళ్లతో లాగి పల్చన చెయ్యాలి, అప్పుడు పై పొర కింద గట్టులు తేలవు. ప్రతి ముక్కనీ కింది పొరకి పొడుగు టాకాలతో పట్టించాను.

ఎక్కువ ఓపిక అడిగింది చంక ముందున్న గుంట. భుజం ఎముకకీ ఛాతీకీ మధ్య ఒళ్లు లోపలికి ఉంటుంది. దూది పరిచేటప్పుడు చెయ్యి ఆగక ఆ గుంటని నింపేస్తాం. నింపితే డమ్మీ మీద నున్నగా కూర్చున్న బట్ట మన మీద అక్కడ వదులుగా వేలాడుతుంది. తొడుగు జిప్పు వేసి అరచేత్తో నిమురుతూ, తొడుగు కాస్త కుంగినా పర్వాలేదని ఆ చోట పల్చటి పొర ఒక్కదాంతో ఆపేశాను. కుడి భుజం నాకు కొంచెం కిందకి ఉంటుంది. ఎడమ భుజం మీద ఒక సన్నని ప్యాడ్ ఎక్కువ పెట్టి ఆ తేడా కూడా తెచ్చాను.

గీతల టేపులు

పెన్నుతో గీస్తే సరిపోదు. పైన గుడ్డ కప్పినప్పుడు గీత కనపడదు, టేపు అయితే వేలికి తగులుతుంది. పావు అంగుళం నల్ల కాటన్ టేపు తీసుకున్నాను. ముందు మధ్య, వెనక మధ్య గీతలకి దారం చివర బరువు కట్టి మెడ గుంట నుంచి వేలాడదీసి, దారం వెంట పిన్నులు పెట్టుకున్నాను. నడుము గీతని కంటితో వెయ్యకూడదు: స్టాండు ఎత్తుని నా నడుము ఎత్తుకి పెట్టి, నేల నుంచి నిలువు స్కేలుతో చుట్టూ ఒకే ఎత్తులో గుర్తులు వేశాను. చెస్ట్, సీటు గీతలు కూడా అలాగే. ప్రిన్సెస్ గీత భుజం మధ్యనుంచి చెస్ట్ పాయింట్ మీదుగా దిగాలి. పిన్నులతో రెండు వైపులా సరిచూసుకున్నాకే చేత్తో కుట్టాను.

ఇప్పుడు ఎక్కడుంది

కొలతలన్నీ మళ్లీ తీశాను. చెస్ట్, సీటు సరిగ్గా ఉన్నాయి, నడుము పావు అంగుళం ఎక్కువుంది. తియ్యలేదు, కొత్త దూది వాడకంలో అణుగుతుంది. అణిగాక ఇంకోసారి కొలిచి చూస్తాను. పిన్ను ఏటవాలుగా గుచ్చితే దూదిలో బాగా నిలుస్తోంది, నిటారుగా గుచ్చితే కాగితానికి తగిలి వంగుతోంది.

నా ఒంటి మీద వీపు ఎప్పుడూ లేచిపోయే ఒక జాకెట్టుని దీనికి తొడిగి చూశాను. నా మీద లేచినచోటే దీని మీదా లేచింది. తప్పు మెడ దగ్గర కాదని, భుజం వెనక అంచులో అని ఎదురుగా నిలబడి మొదటిసారి చూడగలిగాను. అక్కడ విప్పి అర అంగుళం వదిలితే వీపు కూర్చుంది.

ఇక మిగిలింది చెయ్యి. కుడి చెయ్యి ఒక్కటి కుట్టి, దూది నింపి, కావాల్సినప్పుడు భుజానికి పిన్నులతో తగిలించేలా చెయ్యాలి. పైభాగం చుట్టుకొలత, మోచెయ్యిదాకా పొడవు తీసుకున్నాను. మోచెయ్యి దగ్గర కొద్దిగా వంపు ఇవ్వడానికి వెనక వైపు చిన్న డాట్ (మడిచి కుట్టే కోణం మడత) వెయ్యాలా, రెండు ముక్కలుగా కత్తిరించాలా అన్నది కోరా గుడ్డ మీద రెండూ వేసి చూసి తేలుస్తాను.