ఇంట్లో తెలుగు మానేసిన మూడు నెలలు

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, టీవీ పెడితే హిందీ, సంత రోజున కొండ దిగి వచ్చేవాళ్ళ నోట సవర. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. నేను టెక్కలి నుంచి కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి మొదట్లో వింతగానే ఉండేది, తర్వాత అలవాటైపోయింది. కానీ పాప పుట్టాక ఇదే నాకు పెద్ద టెన్షన్ అవుతుందని అనుకోలేదు.

పాపకి రెండున్నరేళ్ళప్పుడు ప్లేస్కూల్లో వేశాం. నెల తిరక్కుండానే టీచరు పిలిచి, పాప సగం తెలుగు సగం ఒడియా కలిపేస్తోందని, ఇన్ని భాషలతో బుర్ర గందరగోళం అయిపోతోందని, ఇంట్లో తెలుగు ఆపేసి ఒడియా, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమని చెప్పారు. నేను నమ్మేశాను. ఆ సాయంత్రమే ఇంట్లో అందరికీ చెప్పాను, అత్తమ్మతో సహా. అత్తమ్మకి ఒడియా రాక కాదు, బజారు పనికి, ఇరుగుపొరుగుకి బాగానే వచ్చు. మనవరాలిని ముద్దు చెయ్యడానికి సరిపడేంత ఒడియా మాత్రం ఆవిడ దగ్గర లేదు. దాంతో ఆవిడ పాపతో మాట్లాడటమే తగ్గించేసింది. అన్నం కలిపి పెట్టేది, తల దువ్వేది, అంతా మౌనంగానే.

మూడో నెలలో ఒకరోజు నేను బయట నుంచి కాస్త తొందరగా వచ్చాను. పెరటి అరుగు మీద అత్తమ్మ చేటలో బియ్యం బాగుచేస్తోంది, పాప ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చుంది. అత్తమ్మ ఒక్కో గింజా వేలితో పక్కకి జరుపుతూ చాలా చిన్న గొంతుతో, "ఇది రాయి. ఇది నూక. ఇది వడ్లగింజ, చూడు, పొట్టు ఊడలేదు దీనికి" అని చెబుతోంది. పాప ఒక వడ్లగింజ పట్టుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. నన్ను చూడగానే అత్తమ్మ ఠక్కున మాట ఆపేసి, తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా తల వంచుకుని చేట కుదపడం మొదలుపెట్టింది. పాప మాత్రం ఆవిడ చీర కుచ్చిళ్ళు లాగుతూ, "మామ్మా, ఇంకా చెప్పు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రాత్రి నుంచే పిల్లల మెదడు భాషని ఎలా పట్టుకుంటుందో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆ టీచరు మీద కన్నా, కనీసం రెండో మనిషిని కూడా అడగకుండా ఒప్పేసుకున్న నా మీదే నాకు కోపం వచ్చింది.

భాష పని బిడ్డ పుట్టకముందే మొదలైపోతుంది. చివరి మూడు నెలల్లో కడుపులో బిడ్డకి చెవులు పనిచేస్తాయి, తల్లి గొంతు, ఆ మాటల నడక వినిపిస్తూ ఉంటాయి. పుట్టిన కొద్దిరోజులకే పిల్లలు మిగతావాళ్ళ గొంతు కన్నా అమ్మ గొంతుకే ఎక్కువ మొగ్గుతారని డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు 1980లోనే చూపించారు. 2010లో కెనడా పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఇంగ్లీషు, ఫిలిప్పీన్స్ భాష తగలాగ్ రెండూ మాట్లాడితే, పుట్టిన బిడ్డ ఆ రెండింటి మీదా ఆసక్తి చూపించింది, అలాగని రెండింటినీ కలిపి ఒకటే అనుకోలేదు, వేరువేరుగా గుర్తుపట్టింది. రోజుల పిల్లలకే లేని గందరగోళం రెండున్నరేళ్ళ పిల్లకి ఎందుకుంటుంది?

నాకు అన్నిటికన్నా నచ్చింది జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో అచ్చువేసిన పరిశోధన. ఇంగ్లీషు ఇళ్ళలోని పసిపిల్లలకి హిందీలోని త, ట లాంటి శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు, ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళకే అది కష్టం. పది పన్నెండు నెలలు వచ్చేసరికి పిల్లల్లో కూడా చాలామందికి ఆ తేడా వినిపించడం మానేసింది. అంటే మొదటి ఏడాదిలోనే మెదడు చుట్టూ వినపడే మాటని బట్టి ఏ తేడా ముఖ్యమో, ఏది అక్కర్లేదో తేల్చేసుకుంటోంది. ఇది చదివాక మా ఇంట్లో మాటలే కొత్తగా వినడం మొదలుపెట్టాను. హిందీ పానీలో న, ఒడియా పాణిలో ణ. మన నీళ్ళలో ళ ఒడియాలోనూ ఉంది, టీవీ హిందీలో లేదు. మా పాప ఇవన్నీ ఎవరూ దిద్దకుండానే సరిగ్గా పలుకుతుంది.

ఇక కలిపి మాట్లాడటం సంగతి. "అమ్మా, పాణి కావాలి" అన్నంత మాత్రాన భాషలు అలికిపోయాయని కాదు, ఏ మాట ముందు నోటికి అందితే అది వాడుకుంటోంది, అంతే. రెండు భాషల పిల్లల మాటలు ఒక్క భాషలోనే లెక్కపెడితే తక్కువగా కనిపిస్తాయి, రెండూ కలిపి లెక్కిస్తే మామూలుగానే ఉంటాయి. మావాళ్ళు ఒక్కసారీ అలా లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టలేదు. అయితే ఒక మాట. పిల్లలకి రెండేళ్ళు వచ్చినా మాటలు రాకపోతే "భాషలెక్కువ కదా, అందుకే" అని ఊరుకోకండి. ముందు చెవి పరీక్ష చేయించండి. రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు, వినపడకపోతే ఆగిపోతాయి.

అయిదేళ్ళ వయసులో ఒళ్ళు ఊరికే ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సగానికి పైగా మెదడే తినేస్తుంది. పిల్లలు అంత నెమ్మదిగా ఎదగడానికి అది కూడా ఒక కారణమంటారు. మనిషి జాతి బాల్యాన్ని ఇంత పొడుగ్గా సాగదీసుకుంది నేర్చుకోవడానికే అయితే, ఆ కాలంలో ఇంట్లో ఉన్న భాషనే పిల్లకి లేకుండా చెయ్యడం ఎంత అన్యాయం!

మన పక్కనే జరిగిన పనీ ఉంది. అజిత్ మొహంతి అనే ఒడిశా మనస్తత్వ శాస్త్రవేత్త ఫుల్బాణి వైపు కంధ గిరిజన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. వాళ్ళ కుయి భాష, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు, ఒక్క ఒడియాయే వచ్చిన పిల్లల కన్నా భాష గురించి ఆలోచించే పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని చూసి 2013లో వివరాలు అచ్చువేసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చింది, చదువురానివాళ్ళలో కూడా ఆలస్యం కనిపించింది. అన్ని దేశాల్లోనూ ఇలాగే తేలలేదు, కాబట్టి దీన్ని మందులా చెప్పను. కానీ బడి మొహం చూడని మా అత్తమ్మ ఈ వయసులో కూడా ఎవరి అప్పు ఎంతో నోటి లెక్కన చెబుతుంటే ఆ పరిశోధన నాకు గుర్తొస్తుంది.

ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు పెద్దయ్యాకే సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకంతో చెవులు దెబ్బతిన్నా ఆ భాషకి నిఘంటువు కట్టారు. తెలుగు ద్రావిడం, ఒడియా ఆర్యభాష, సవర ముండా కుటుంబం. మూడు వేర్ల భాషలు ఒకే సంతలో బేరాలాడుకునే ఊరు మాది, అలాంటి ఊళ్ళో పిల్లకి ఇంటి భాష వద్దన్నారు.

అరుగు మీద ఆ మాటలు విన్న మర్నాడే అత్తమ్మ దగ్గర కూర్చుని క్షమించమన్నాను. ఆవిడ "పోన్లేమ్మా" అని, పాప జడకి రబ్బరు బ్యాండు వేస్తూ పాపతోనే గట్టిగా, వీధిలోకి వినపడేలా తెలుగులో కబుర్లు మొదలెట్టింది. ప్లేస్కూలు మార్చేశాం.

మొన్న మా నాన్న టెక్కలి నుంచి వచ్చారు. ఆయనకి ఒడియా ముక్క రాదు. పక్కింటి మావుసీ గోడవతల నుంచి "చా పిఇబే కి?" అని అడిగింది. నేను వంటింట్లోంచి వచ్చేలోపే పాప ఆయన వైపు తిరిగి, "తాతా, టీ తాగుతావా అని అడుగుతున్నారు" అంది. వద్దమ్మా, ఇప్పుడే తాగాను అన్నారు ఆయన. పాప గోడ దగ్గరికి పరిగెత్తి, మునివేళ్ళ మీద లేచి, "నాహిఁ మావుసీ, ఏబే పిఇఛంతి" అని చెప్పేసి, మళ్ళీ మామ్మ పక్కకెళ్ళి చేట ముందు కూర్చుంది.