మెనింజైటిస్ రెండోసారి వచ్చినప్పుడు

డిగ్రీ చదివే రోజుల్లో మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) వచ్చి తగ్గింది. పెళ్లయి హన్మకొండలో స్థిరపడ్డాక మళ్లీ వచ్చింది. మెడ వంగదు, వెలుతురు చూస్తే తల పగిలిపోయేది, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా కనబడింది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ వెంటనే ఎక్కించడంతో బతికాను.

"మల్ల అదేనా బిడ్డా?" అని అమ్మ ఏడ్చింది. డాక్టరు గారు కూడా అదే ప్రశ్న పట్టుకున్నారు. హెచ్‌ఐవీ లేదు, షుగర్ లేదు, యాంటీబాడీలు, తెల్ల రక్తకణాలు సరిపడా ఉన్నాయి. అప్పుడు కాంప్లిమెంట్ చూద్దామన్నారు.

నేనా పేరు వినడం అదే మొదలు. రక్తంలో తిరిగే 30కి పైగా ప్రోటీన్లవి. ఎక్కువగా లివర్‌లో తయారవుతాయి. క్రిమి కనబడగానే ఒకటి ఇంకోదాన్ని లేపుతూ పోతుంది. కొత్త యాంటీబాడీలు పుట్టేదాకా ఎదురుచూడవు. సీ3 ముక్కలు క్రిమికి అతుక్కుంటే తెల్ల కణాలు దాన్ని సులువుగా మింగేస్తాయి. సీ5 నుంచి సీ9 దాకా ఉన్నవి కలిసి క్రిమి పొరకే రంధ్రం పెడతాయి, అది పగిలి చస్తుంది. చాలా క్రిముల విషయంలో ఈ రంధ్రం లేకున్నా గడిచిపోతుంది. మెనింగోకాకస్‌ను చంపడానికి మాత్రం అదే ముఖ్యం.

ఈ ప్రోటీన్లు వేడికి ఆగవు. సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవాన్ని) 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచితే వాటి పని అయిపోతుంది. అసలే మే నెల, వరంగల్ ఎండలు. హైదరాబాద్ చేరేలోపు శాంపిల్ పాడైతే రిపోర్టుకు అర్థమే ఉండదని మా అందరికీ ఒకటే టెన్షన్. సీరాన్ని ఫ్రీజ్ చేసి, డ్రై ఐస్‌లో పెట్టి పంపారు. కాంప్లిమెంట్ మొత్తం ఎంత పనిచేస్తుందో చూసే సీహెచ్50 పరీక్షలో దాదాపు సున్నా వచ్చింది. విడిగా చూస్తే సీ6 లేదు.

మా అమ్మానాన్నలది మేనరికం. లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే ఇలా అవుతుందట. అంటే చెల్లెకూ నాలుగింట ఒక వంతు అవకాశం. పట్టుబట్టి పరీక్ష చేయించాను. ఆమెకూ సీ6 లేదు, ఇంతవరకు ఒక్కసారీ జబ్బు పడకపోయినా!

చుట్టాలు "ఇమ్యూనిటీ తక్కువ" అంటూ కషాయాలు తెచ్చిస్తున్నారు. వాళ్ల ప్రేమకు దండం. కానీ కషాయం తాగితే సీ6 పుట్టదు. మెనింజైటిస్ తిరగబెట్టినవాళ్లు డాక్టరును సీహెచ్50 గురించి అడగండి, తోబుట్టువులకూ చేయించండి.

మెనింగోకాకల్ టీకా వేస్తే యాంటీబాడీలు పెరిగి, తెల్ల కణాలు క్రిమిని మింగడం తేలికవుతుంది. నేనూ చెల్లే వేయించుకున్నాం. 5 ఏళ్లకోసారి బూస్టర్ ఉంటుంది. జ్వరం వస్తే మాత్రం ఇంట్లో ఆగకుండా, రిపోర్టు పట్టుకుని నేరుగా ఆస్పత్రికే పోతున్నాం.