కాఫీ గ్లాసూ, ఒక కమానూ

సంచిక కమిటీ నుంచి మూడోసారి మెసేజ్ వచ్చింది, ఇక తప్పదని కూర్చున్నాను. "రెండు పేజీలు, ఒక ఫొటో, పదో తారీఖులోగా. మన సంగీత కాలేజీ రోజుల గురించి రాయి, నీ అమెరికా గొప్పలు వద్దు" అని సైకిల్ చైన్ గాడు ముందే హెచ్చరించాడు. సరేరా. కానీ కాలేజీ గురించి రాద్దామని కూర్చుంటే నాకు గుర్తొస్తున్నది 2018 జూన్‌లో మసాచుసెట్స్‌లో గడిపిన ఒక వారం. ఎందుకో చెప్తాను, మధ్యలో అడ్డు రాకండి.

మనందరికీ మారుపేర్లు పెట్టింది మన వయొలిన్ మాస్టారే. పెసరట్టుకి ఆ పేరెలా వచ్చిందో ఇక్కడ రాయను, వాళ్ల మనవలు కూడా చదువుతారు. నాకు పెట్టింది 'రంపం'. "కోసీకురా గుంటడా, వాయించు!" అనేవారు. గ్రూపులో నా పుట్టినరోజుకి ఇప్పటికీ కేకు బొమ్మ బదులు రంపం బొమ్మే పెడుతున్నారు కదా, సంతోషం.

1971 వేసవి గుర్తుందా? మీరంతా గీతాల్లోకి వెళ్లిపోయారు. బుల్లబ్బాయ్ అయితే వర్ణం కూడా మొదలెట్టి మా ఇంటి ముందు నుంచి ఈల వేసుకుంటూ పోయేవాడు. నేను మాత్రం షడ్జం దగ్గరే, అంటే మొదటి 'స' దగ్గరే ఉన్నాను. వరండా చివరి గది, గోడ మీద వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫొటో, దాని కింద మాస్టారు, ఎదురుగా నేను. ఏడున్నరకి హోటల్ కుర్రాడు ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి కిటికీలో పెట్టేవాడు. మాస్టారు ఒక గుక్క తాగగానే నేను కమాను, అదే వయొలిన్ వాయించే పుల్ల, తీగ మీద పెట్టాలి. ఆయన రెండో గుక్క తాగేదాకా కమాను వెనక్కి తిప్పకూడదు, నాదం ఆగకూడదు, వణక్కూడదు. ఆయనకేమో కాఫీ మీద తొందరే ఉండేది కాదు. కిటికీలోంచి రోడ్డు మీద పోయే జట్కా వైపు చూసేవారు. పంచె సర్దుకునేవారు. నా కమాను కొసకి వచ్చి గజగజలాడుతుంటే గ్లాసు ఎత్తి, పెదాల దాకా తెచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కింద పెట్టేసేవారు. కాఫీ మీద మీగడ కట్టేది. నాకు ఏడుపొచ్చేది.

అలా రెండు నెలలు. మా నాన్న ఫీజు దండగని గొడవ కూడా చేశారు.

సర్టిఫికెట్ పూర్తయింది, ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఆ తరవాత నలభై నాలుగేళ్లు గడిచాయి. వాటి సంగతి మీకు తెలిసిందే.

నాకు అరవై వచ్చిన ఏడాది పిల్లలు షష్టిపూర్తి చేస్తామన్నారు. పీటల మీద కూర్చోలేనన్నాను. అప్పుడు పెద్దమ్మాయి ఒక కాగితం చేతిలో పెట్టింది. నార్తాంప్టన్ ఊళ్లో, స్మిత్ కాలేజీ ఆవరణలో ఏటా జూన్‌లో జరిగే 'జాంగో ఇన్ జూన్' అనే జిప్సీ జాజ్ క్యాంప్‌కి నా పేరుతో ఫీజు కట్టేసిన రసీదు. ఎప్పుడో కార్లో ఫ్రెంచి జాజ్ విద్వాంసుడు గ్రాపెల్లీ వయొలిన్ పెట్టి ఆ పిల్లకి గంటసేపు లెక్చరిచ్చానట, నాకు గుర్తులేదు. ఆస్పత్రిలో డ్యూటీ మార్చుకుని మరీ మూడున్నర గంటలు డ్రైవ్ చేసి నన్ను దింపింది. చిన్నప్పుడు నన్ను కాలేజీ గేటు దగ్గర దింపి సైకిలు తిప్పుకుని వెళ్లిపోయిన నాన్నే గుర్తొచ్చారు. సైకిల్ చైన్ గాడు గొప్పలు వద్దన్నాడు కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

ఆ క్యాంప్ పేరులో ఉన్న జాంగో, అంటే జిప్సీ జాజ్ గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ గురించి నాకు తెలిసింది తక్కువే. 1928లో, పద్దెనిమిదేళ్లప్పుడు, ఆయన ఉండే బండి తగలబడి ఎడమ చేతి చివరి రెండు వేళ్లూ వంగిపోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే ఆ గిటారు పరుగులన్నీ తీశాడు. 1934లో పారిస్‌లో గ్రాపెల్లీతో కలిసి ఐదుగురి బృందం పెట్టాడు. మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక బేస్. మృదంగం బ్యాచ్ వాళ్లు ఏమీ అనుకోవద్దు, అందులో డ్రమ్స్ లేవు. ఆ పని గిటార్లే చేస్తాయి. దాన్ని 'లా పోంప్' అంటారు, అంటే పంపు కొట్టడం. నిజంగానే బోరింగు పంపు కొట్టినట్టే ఉంటుంది.

పాశ్చాత్య సంగీతంలో పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు మెనుహిన్ మన ద్వారం వారి వయొలిన్ విని మెచ్చుకున్న సంగతి మాస్టారు మనకి వందసార్లు చెప్పుంటారు. ఆ మెనుహినే తరవాత 1970లలో గ్రాపెల్లీతో కూర్చుని రికార్డులు చేశాడు. ఆ లెక్కన నేను పోయింది పరాయి ఇంటికేం కాదని ధైర్యం చెప్పుకున్నాను.

ఆ ధైర్యం మొదటి పూటే పోయింది. క్లాసులో పన్నెండు మంది వయొలిన్ వాళ్లం. అందరూ నిలబడి, గడ్డం కింద నొక్కిపట్టి వాయిస్తున్నారు. నేనూ నిలబడ్డాను. స్వరాన్ని ఊపే గమకం కోసం చెయ్యి జారిస్తే వయొలిన్ కూడా చెయ్యితో పాటు జారుతోంది. నేర్పడానికి ఫ్రాన్స్ నుంచి వచ్చినాయన కాసేపు చూసి, "మీ ఇంట్లో ఎలా వాయిస్తారో అలా వాయించండి" అన్నాడు. కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి మడమ మీద ఆనించాను. పన్నెండు మంది కాదు, పక్క క్లాసు గిటారు వాళ్లు కూడా తలుపు దగ్గరికి వచ్చి చూశారు.

ఆ పూట పాఠం 'మైనర్ స్వింగ్'. వాళ్లకది సరళీ వరుస లాంటిది, రాని వాడుండడు. 1937లో జాంగో, గ్రాపెల్లీ చేసిన ముక్క. వినగానే మన కీరవాణి రాగం అనుకుని సంబరపడి అందుకున్నాను. రెండు బార్లు (బారంటే వాళ్ల లెక్కలో నాలుగు దెబ్బలు) అవకముందే, ఒక్క ధైవతమే తేడా ఉన్న గౌరీమనోహరి రాగంలోని ధైవతం వచ్చి పడింది. ఇంకో రెండు బార్లకి నేను షడ్జం అనుకున్న చోట షడ్జమే లేదు. ఒరే, మనకి శ్రుతిపెట్టె ఒకచోట కూర్చుంటే దాని చుట్టూ మనం తిరుగుతాం కదా. అక్కడ నేలే కదులుతుంది. పైగా నా కుడి చెయ్యి ఖాళీ దొరికినప్పుడల్లా తొడ మీద ఎనిమిది దెబ్బల ఆది తాళం వేస్తోంది. నా దెబ్బ ఒకటి మీద. వాళ్లంతా చిటికెలేసేది రెండు, నాలుగు మీద. పక్కనున్న పెద్దాయన, రిటైరైన వడ్రంగి, నా వేళ్ల లెక్క చూసి ఏమిటని అడిగితే చెప్పాను. వాళ్ల పదహారు బార్లకి మన తాళం ఎనిమిది చుట్లు, అదే ఎనిమిది ఆవర్తనాలని తేలింది. ఆయన నాకు చిటికె నేర్పాడు, నేను ఆయనకి చిటికెన వేలు దగ్గర లెక్క మొదలెట్టడం నేర్పాను. వారమంతా మేమిద్దరం ఒకళ్లనొకళ్లం చెడగొట్టుకున్నాం.

భోజనాల దగ్గర ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో జాంగో పుట్టిన ఈ జిప్సీలు తమని 'మనూష్' అని చెప్పుకుంటారట. అంటే మనిషి అనే. 'జిప్సీ' అన్న మాట వాళ్లలో చాలామందికి నచ్చదు. వెయ్యేళ్ల కిందట మన దేశపు వాయవ్యం నుంచి బయల్దేరిన వాళ్లు. వాళ్ల రోమానీ భాషలో ఒకట్లు చెప్పమంటే "యెక్, దుయ్, త్రిన్, శ్తార్, పాంజ్" అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన. నీళ్లకి 'పానీ'. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మన హిందీ మాస్టారు మూడేళ్లు తన్ని నేర్పినవే కదరా ఆ ముక్కలు.

మిగతా రోజులు ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. ఉదయం క్లాసు, మధ్యాహ్నం క్లాసు, రాత్రి వసారాల్లో తెల్లవారేదాకా వాయింపు. ఆఖరి రాత్రి మాత్రం బాగా గుర్తుంది. హాస్టలు వసారాలో గుండ్రంగా పదిహేను మంది, ఆరు గిటార్లు పంపు కొడుతున్నాయి, మళ్లీ అదే మైనర్ స్వింగ్. వంతులవారీగా తిరుగుతోంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు వడగళ్లు పడ్డట్టు వాయిస్తున్నారు. నా వంతు దగ్గరకొస్తుంటే టెన్షన్. వడ్రంగి మోచేత్తో పొడిచాడు.

ఏ స్వరం పట్టుకున్నా కిందున్న నేల కదిలిపోతుంది, అది వారంలో తెలిసిపోయింది. పంచమం, అదే 'ప', ఒక్కటే నేల ఎటు జరిగినా కొట్టుకుపోదు. అది పట్టుకున్నాను. కమాను అడుగున పెట్టి లాగడం మొదలెట్టాను. ఒక బారు, రెండు బార్లు, నాలుగు. ఎవరో నవ్వారు. ఎనిమిది. గిటార్లు మెల్లగా గొంతు తగ్గించాయి. పన్నెండు బార్ల దగ్గర కొస కనిపించింది. కొస వణకబోయింది. ఆ చీకట్లో, ఎవరు నమ్మినా నమ్మకపోయినా, పెదాల దాకా వచ్చి కిందికి దిగిపోయిన ఇత్తడి గ్లాసు కనిపించింది నాకు. పదహారో బారు అయ్యాకే కమాను తిప్పాను. ఫ్రాన్స్ ఆయన ఏదో అరిచాడు, నాకు ఫ్రెంచి రాదు. రెండో చుట్టులో మామూలుగా నాలుగు ముక్కలు వాయించి తప్పుకున్నాను. అందులో తప్పులున్నాయి.

పొద్దున్న అమ్మాయి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిద్ర లేదా నాన్నా?" అంది. "కాఫీ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమ్మా" అన్నాను.

కమిటీకి మనవి. ఫొటో ఒకటి పంపుతున్నాను, వసారాలో అందరూ కుర్చీల్లో ఉంటే నేల మీద కూర్చున్నవాణ్ణి నేను. రెండు పేజీలు దాటిందని తెలుసు. ఎడిటింగ్ పెసరట్టుదని విన్నాను. కోసీకురా. ఇంకో మాట: మాస్టారి ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా? ఫేర్‌వెల్ రోజు దండ వేసింది నా దగ్గరుంది, అది వద్దు. గ్లాసు పట్టుకున్నది కావాలి.