కౌలిట్జ్ నది మీద సాల్మన్, స్టీల్‌హెడ్ గైడు ఏడాది: నా అనుభవం

వాషింగ్టన్ రాష్ట్రంలో చేపల లైసెన్సు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో అయిపోతుంది. కౌలిట్జ్ నది మీదా, దిగువ కొలంబియా నదిలోనూ జెట్ పడవతో (ప్రొపెల్లర్ బదులు నీటిని వెనక్కి చిమ్మి నడిచేది) జనాన్ని చేపల వేటకు తీసుకెళ్లే గైడు పని చేసే నాకూ ఏడాది లెక్క అక్కణ్నుంచే. మార్చి చివర్లో వచ్చి, బాగుందని ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ వచ్చేవాళ్లు పాత లైసెన్సుతోనే రేవుకు దిగుతారు. అది చెల్లదు. లైసెన్సుతో పాటు, పట్టిన చేపల లెక్క రాసే క్యాచ్ రికార్డ్ కార్డూ కొత్తది తీసుకోవాలి. పాత కార్డును, ఒక్క చేప పడకపోయినా సరే, ఏప్రిల్ 30లోపు అప్పజెప్పాలి. 15 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు గానీ సాల్మన్‌కూ, స్టీల్‌హెడ్‌కూ (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్) కార్డు ఉండాల్సిందే. సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు నుంచి మన తెలుగువాళ్లు పిల్లాపాపలతో వస్తుంటారు కాబట్టి బుకింగ్ రోజునే ఇది చెప్పేస్తాను. తెల్లవారకముందు, రేవు దగ్గర, ఫోన్ సిగ్నల్ సరిగా అందని చోట ఈ పని పెట్టుకోకూడదు.

గైడు కాగితాలూ ముందే తెమలాలి. ఇక్కడి చట్టంలో సాల్మన్ ఆహారపు చేపల కింద, స్టీల్‌హెడ్ వినోదపు వేట చేపల కింద వస్తాయి. గైడు లైసెన్సు రెండింటికీ ఉండాలి. దానికి ప్రథమ చికిత్స, సీపీఆర్ సర్టిఫికెట్లు, బాధ్యతా బీమా జతచేయాలి. నౌకాయానానికి గుర్తించిన నీళ్లలో మోటారు పడవ మీద డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే కోస్ట్ గార్డ్ లైసెన్సు కూడా కావాలి. ఆరుగురి వరకూ ఎక్కించుకునే లైసెన్సుకు 360 రోజుల పడవ అనుభవం చూపాలి, డ్రగ్ పరీక్షలు చేయించుకోవాలి. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ఆ రోజుల లెక్కను మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోవాలి. ఏళ్ల తరవాత కూడబెట్టబోతే సంతకం పెట్టే పడవ యజమాని దొరకడు.

ఏప్రిల్ అంటే స్ప్రింగ్ చినూక్, వసంతంలో నదికొచ్చే సాల్మన్ రకం. గుడ్లు పెట్టేది ఆగస్టు, సెప్టెంబర్లలో అయినా నెలల ముందే సముద్రం వదిలి నదిలోకి వచ్చేస్తుంది. అన్నాళ్లూ మేత మేయకుండా బతకాలి గనక ఒంటినిండా కొవ్వు నింపుకుని వస్తుంది. వరద గోదావరికి ఎదురీదే పులసకు ఆ రుచి ఎందుకొస్తుందో తెలిసిన మనవాళ్లకు స్ప్రింగ్ చినూక్ గొప్పదనం విడిగా చెప్పనక్కర్లేదు.

దిగువ కొలంబియాలో ఈ సీజన్ తేదీలను వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాలు కలిసి నిర్ణయిస్తాయి. 1938 నుంచీ నడుస్తున్న బోనవిల్ ఆనకట్ట దగ్గర చేపల మెట్లున్నాయి. అక్కడ గాజు కిటికీ ముందు లెక్కపెట్టిన సంఖ్యలు రోజూ ఆన్‌లైన్‌లో వస్తాయి. అంచనాకన్నా తక్కువ ఎక్కుతున్నాయంటే సీజన్ కొద్ది రోజుల గడువుతో మూతపడుతుంది. అందుకే ఏప్రిల్ బుకింగులన్నిటికీ ‘కొలంబియా మూసేస్తే కౌలిట్జ్‌కు వెళ్దాం’ అన్న మాట ముందే రాయించుకుంటాను. నిబంధనలు రాత్రికి రాత్రి మారతాయి కాబట్టి పడవ కదిలించేముందు అత్యవసర ఉత్తర్వుల పేజీ చూడడం నాకు పెట్రోలు చూసుకోవడంతో సమానం.

ఎర హెరింగ్ చేప. క్లోరిన్ లేని గాలన్ నీళ్లలో రెండు కప్పుల కల్లుప్పు కరిగించి, రాత్రంతా అందులో ఊరబెడితే కండ గట్టిపడుతుంది. పొలుసు ఊడితే నీళ్లలో మెరుపు పోతుంది, కాబట్టి చేతులతో ఎక్కువ పిసకకూడదు. తలను ఏటవాలుగా, పదునైన కత్తితో ఒక్క వేటుకు కోయాలి. ఆ ఏటవాలు కోతే ఎరను తిప్పుతుంది. మొద్దుబారిన కత్తితో కోస్తే అంచు చిరిగి, తిరగాల్సింది తిరగక ఊరికే ఊగుతుంది. ప్రతి ఎరనీ పడవ పక్కన నీళ్లలో ఆడించి, బిగువుగా గిరగిరా తిరుగుతుందని చూశాకే కిందికి వదలాలి. పైన ఫ్లాషర్ (మెరుస్తూ చేపను ఆకర్షించే రేకు), 8 నుంచి 12 ఔన్సుల సీసం. సీసం అడుక్కి తగలగానే ఒకటి రెండు చుట్లు పైకి లాగి ఉంచితే చాలు.

మే, జూన్‌లలో ట్రిప్పుల మధ్య ఖాళీల్లో పడవ పని. ట్రెయిలర్ చక్రాల బేరింగులు చెడిపోయేది రోడ్డు మీద కాదు, రేవులోనే. గంటసేపు హైవే మీద వచ్చి వేడెక్కిన హబ్బును చల్లటి నదిలో ముంచగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందులోంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. రేవుకు వచ్చాక సామాను సర్దే పావుగంటా ట్రెయిలర్‌ను ఒడ్డునే ఉంచితే సగం బాధ తప్పుతుంది. అవుట్‌బోర్డ్ జెట్ పంపుకైతే ప్రతి ట్రిప్పు తరవాతా, రెండో గొట్టంలోంచి కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. తెల్లగా పాలలాంటి గ్రీజు వస్తే నీళ్లు చేరినట్టే. నీటిని తోసే ఇంపెల్లర్ చక్రానికీ దాని గొట్టానికీ మధ్య ఖాళీ అంగుళంలో 32వ వంతు దాటితే, ఇంజను అరుస్తుంది గానీ పడవ లేవదు. గులకరాళ్లు మింగి గాట్లు పడ్డ అంచుల్ని ఆకురాయితో సరిచేయాలి. లోతు తక్కువ చోట కొత్తవాళ్లు భయపడి వేగం తగ్గిస్తారు. జెట్ పడవ వేగంలో ఉన్నప్పుడే నీటి మీద తేలుతుంది. తగ్గించగానే కిందికి దిగి రాళ్లకు కొట్టుకుంటుంది. దారి తేలకపోతే ఆ ఇసుకతిన్నె జోలికే పోకూడదు.

వేసవి స్టీల్‌హెడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెల్లవారుజామున వెళ్లి ఎండ ముదిరేలోపు ముగించాలి. నీటి వేడి 68 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే వదిలిపెట్టిన చేప కూడా బతకడం కష్టం. అప్పుడు ఆపేయడమే మంచిది.

ఆగస్టులో మకాం అస్టోరియాకు మారుతుంది. అక్కడ కొలంబియా ముఖద్వారంలో బాయ్ 10 అనే చోట ఆటుపోట్ల పట్టికే గడియారం. పోటు నిండి నీరు నిలబడ్డ వేళ, ఆ తరవాత ఆటు మొదలైన తొలి గంట నేనెక్కువగా నమ్ముకునే సమయం. ఆటు జోరందుకుని సముద్రం వైపు నుంచి ఎదురుగాలి వీస్తే అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. ఆ సమయానికి చేపలు కొరుకుతున్నా సరే, నేను పడవ తిప్పేస్తాను. ఇందులో కస్టమర్ మాట వినేది ఉండదు.

అక్టోబర్, నవంబర్ నెలల్లో కౌలిట్జ్‌లో కోహో అనే మరో సాల్మన్ రకం. ఇది అసలు వడి ఉన్నచోట నిలబడదు. పక్కపాయల్లో, నీరు నెమ్మదిగా తిరిగే మడుగుల్లో గుంపులు కడుతుంది. అర ఔన్సు జిగ్గును (బరువైన తల ఉన్న కృత్రిమ ఎర) విసిరి, రాడ్డు మొనను ఎగరేసి వదిలేయాలి. కొరికేది జిగ్గు కిందికి దిగేటప్పుడు, కాబట్టి దారం వదులైనా చూపు దాని మీద నుంచి పోకూడదు. చినూక్‌నూ కోహోనూ నోరు తెరిచి పోల్చుకోవచ్చు: చినూక్ పంటి చిగురు నల్లగా ఉంటుంది, కోహోది తెల్లగా. తోక చూస్తే చినూక్‌కు పైనా కిందా మచ్చలుంటాయి, కోహోకు పై సగంలోనే.

ఈ రెండు నెలల్లోనే చలికాలానికి ఎర తయారవ్వాలి. ఎర అంటే ఆడ చేపల జన. నా సంవత్సరం మొత్తంలో ఎక్కువ జాగ్రత్త పడేది ఇక్కడే. చేప పడవలోకి రాగానే మొప్పలు కోసి రక్తం పోనివ్వాలి. లేకపోతే అది జన సంచి నరాల్లో గడ్డకట్టి ఎరను పాడుచేస్తుంది. మిగిలిన నరాలకు కత్తిమొనతో గాటుపెట్టి, చెంచా వీపుతో రక్తం తోసేసి, పేపర్ టవల్‌తో అద్దాలి. నీళ్లతో కడగకూడదు, మంచినీళ్లు తగిలితే గుడ్డు గట్టిపడిపోతుంది, తరవాత చల్లే పొడి లోపలికి దిగదు. బొటనవేలంత ముక్కలు కోసి, బోరాక్స్ రెండు పాళ్లు, పంచదార ఒక పాలు, అయొడిన్ లేని ఉప్పు అర పాలు, కొంచెం ఎర్ర రంగు కలిపిన పొడిని పౌండు జనకు గుండుగా ఒక పెద్ద చెంచా చొప్పున చల్లాలి. జిప్ సంచిలో పెట్టి చల్లటి చోట ఉంచి, కొన్ని గంటలకోసారి తిరగేయాలి. మొదట జన నీరు వదులుతుంది. దాన్ని చూసి పారబోయకూడదు. ఒకటి రెండు రోజుల్లో ఆ రసాన్ని మళ్లీ తనే పీల్చుకుని గుడ్డు బిగుతుగా, నిగనిగలాడుతూ ఉబ్బుతుంది. అప్పుడు జల్లెడ మీద ఆరబెట్టి, వేలికి కాస్త జిగురుగా అంటే దశలో జాడీలకెత్తి ఫ్రీజర్‌లో పెట్టాలి. గుడ్డు రాయిలా అయిందంటే ఉప్పెక్కువైంది. చిదికితే ముద్దయిందంటే రక్తం మిగిలింది, లేదా చేప ఆలస్యంగా కోశారు.

చేతికి పల్చటి గ్లవ్స్ తప్పనిసరి. మనిషి చర్మంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం వాసన సాల్మన్‌కు గిట్టదు. పెట్రోలు, సన్‌స్క్రీన్ సంగతి సరేసరి. బోరాక్స్ కలిపిన జనను మనుషులు తినకూడదు. మన ఇళ్లలో జన వేపుడంటే ప్రాణం పెట్టేవాళ్లుంటారు కాబట్టి జాడీ మీద తెలుగులోనూ ‘ఎర’ అని రాసి, వంటింటి ఫ్రిజ్‌కు దూరంగా పెట్టాలి.

డిసెంబర్ నుంచి శీతాకాలపు స్టీల్‌హెడ్. ఇక ప్రతి సాయంత్రం నది కొలత చూడాల్సిందే. వాన పడి నీరు ఎక్కుతూ గోధుమరంగుకు తిరుగుతుంటే చేప కదిలిపోతుందే తప్ప కొరకదు. వరద తీస్తూ, నీరు పచ్చగా తేటపడుతూ, మూడు నాలుగు అడుగుల లోతు కనిపించే రోజు మంచిది. కౌలిట్జ్‌కు 1963 నాటి మేఫీల్డ్, 1968 నాటి మాసీరాక్ ఆనకట్టలున్నాయి. కాబట్టి మిగతా నదులు బురదపాలైనా ఇక్కడ కొన్నిసార్లు పని నడుస్తుంది. నీరు 5,000, 8,000 క్యూసెక్కుల మధ్య ఉంటే నాకు నచ్చుతుంది. టౌటిల్ నది కలిసే చోటుకు దిగువన మాత్రం వానలో వెళ్లను. 1980లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పుడు పోగుపడ్డ బూడిద, మట్టి ఇప్పటికీ ఆ నది వెంట కొట్టుకొస్తూనే ఉంటాయి.

పడవను వడితో సమానంగా వదిలి, అందరూ ఒకే కోణంలో పైకి విసిరితే ఎరలన్నీ పడవతో పాటే సాగుతాయి. సీసం రెండు మూడు అడుగులకోసారి టక్కుమని అడుగు తాకాలి. అదేపనిగా ఈడ్చుకుంటుంటే బరువు తగ్గించాలి, అసలు తగలకపోతే పెంచాలి. ఎరగా చేప గుడ్డులా కనిపించే పూస: తేటనీటికి 8 మిల్లీమీటర్లది, మసకనీటికి 12. పూసను గాలానికి రెండంగుళాల లోపు పైన, పుల్లతో బిగించాలి. చేప పూసను కొరికితే గాలం నోటి మూలన తగులుతుంది, గొంతులోకి పోదు. గాలం మొనను గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. జారితే వెంటనే మార్చాలి.

ప్లగ్గులు (చిన్న చేప ఆకారపు కృత్రిమ ఎరలు) లాగేటప్పుడు అన్ని దారాలూ, వదిలిన పొడవు చూపే కొలత రీళ్లతో సమానంగా, 50 అడుగులు వదులుతాను. ప్లగ్గు ఎడమకు పోతుంటే ముక్కు దగ్గర దారం కట్టే కొక్కేన్ని కుడివైపుకు రవ్వంత తిప్పాలి. ఎక్కువ తిప్పితే మొత్తం బోల్తా కొడుతుంది. ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే: రాడ్డు మొన వణకగానే చెయ్యి ఆగక లాగేస్తారు. రాడ్డు నడుము దాకా వంగి, రీలు దారం వదలడం మొదలయ్యాకే స్టాండులోంచి తీయాలి. నీళ్లు గడ్డకట్టే చలిలో రాడ్డు రింగుల్లో మంచు పేరుకుంటే వేలితో గీకకుండా నీళ్లలో ముంచి కరిగించాలి. గీకితే లోపలి పింగాణీ పగులుతుంది.

చేప దగ్గరికి రాగానే చూడాల్సింది వీపు రెక్కకూ తోకకూ మధ్య ఉండే చిన్న అడిపోజ్ రెక్క. అది కత్తిరించి, మచ్చ మానిపోయి ఉంటే హేచరీ చేప (పెంపక కేంద్రంలో పెంచి నదిలో వదిలింది). ఉంచుకోవచ్చు, వెంటనే కార్డులో సిరాతో రాయాలి. రెక్క ఉంటే సహజ చేప. దాన్ని వదిలేయాలి, పూర్తిగా నీళ్లలోంచి పైకి లేపడం కూడా ఇక్కడ నేరం. ముడులు లేని వల వాడి, ఫోటో కావాలంటే మొప్పలు నీళ్లలోనే ఉంచి తీసుకోవాలి. గాలం లోతుగా దిగితే పీకకుండా దారం కోసేయాలి. చేప తలను వడికి ఎదురుగా పెట్టి, తోక మొదలు పట్టుకుని, తనంతట తానే విదిలించుకునేదాకా ఆగాలి. ఇంతా ఎందుకంటే సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది గానీ స్టీల్‌హెడ్ అలా కాదు. కొన్ని సముద్రానికి తిరిగి వెళ్లి మళ్లీ నదికి వస్తాయి.

మార్చిలో ఒడ్డునుంచి దిగి నడిచేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. చుట్టూ రాళ్లు నాచుతో నల్లగా ఉండి, మధ్యలో ఒకచోట మాత్రం గులకరాళ్లు కడిగినట్టు తెల్లగా, గుంటలా కనిపిస్తే అది గుడ్ల గూడు. దాని మీద కాలు పెట్టకూడదు, లంగరు వేయకూడదు, అక్కడ తిరుగుతున్న జంట మీదికి ఎర విసరకూడదు. పది గజాలు దిగువకు పోయి, లోతైన నీళ్లలో మొదలుపెట్టాలి.