మధ్యవర్తి ఒక్కడే, మరి సిఫార్సులెందుకు?

"అయ్యగారూ, మా ప్రార్థన పైకి వెళ్లట్లేదండి. మీరు చేస్తే దేవుడు వింటాడు."

విశాఖలో ఆదివారం ఆరాధన ముగిశాక పుల్పిట్ దగ్గర నిలబడితే ఈ మాట వినపడకుండా ఉండదు. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని పోయినవాళ్లు, కేజీహెచ్ ఆసుపత్రిలో మనిషిని ఉంచి వచ్చినవాళ్లు, కొడుకు వీసా కాగితాలు బైబిల్లో పెట్టి తెచ్చుకున్న తల్లి. పాస్టరు అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. చివర్లో "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్" అంటారు. ఆ మాట వచ్చేసరికి సగంమంది కళ్లు తెరిచేస్తారు. వాళ్ల దృష్టిలో పనిచేసేది అయ్యగారి చెయ్యి. చివరి మాట ప్రార్థన అయిపోయిందని చెప్పే గంట.

అయితే పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం 5వ వచనం అంటున్నది ఇదీ: "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు."

ఈ వచనాన్ని కంఠతా చెప్పేవాళ్లం కూడా లోపల ఒక పొరపాటు లెక్క పెట్టుకునే ఉంటాం. ఆఫీసులో పని కావాలంటే తెలిసినవాళ్లతో చెప్పించాలి కదా, అలాగే తండ్రి ముఖం చిట్లించుకు కూర్చున్న పెద్ద అధికారి, యేసు మన తరఫున సిఫార్సు చేసే మంచిమనిషి అనుకుంటాం. ఒక్క వచనం వెనక్కి వెళ్తే ఆ లెక్క తప్పిపోతుంది. మనుష్యులందరూ రక్షణ పొందాలని కోరుకుంటున్నది ఆ దేవుడేనని 4వ వచనం. సిఫార్సు కింది నుంచి పైకి వెళ్తుంది. ఈ మధ్యవర్తి పైనుంచి కిందికి వచ్చాడు. పంపింది తండ్రే.

కష్టాలన్నీ మీదపడ్డ యోబు బూడిదలో కూర్చుని అడిగింది ఇలాంటి మనిషినే. దేవుడు నాలాంటి నరుడు కాడే, ఆయనతో న్యాయం ఎలా మాట్లాడుకోవాలి అంటాడు. వెంటనే, "మా యిద్దరిమీద చెయ్యి ఉంచదగిన మధ్యవర్తి మాకు లేడు" అని వాపోతాడు (యోబు 9:33). మనం ఒక తలమీద పెట్టే చెయ్యి కోసం వరుస కడతాం. యోబుకు రెండువైపులా చేరే చెయ్యి కావాలి. దేవునివైపు మాత్రమే ఉన్నవాడైతే మన ఆకలి, మన ఏడుపు ఆయనకు తెలియవు. మనవైపు మాత్రమే ఉన్నవాడు, ఎంత భక్తిపరుడైనా, అటువైపు అందుకోలేడు. అందుకే పౌలు "నరుడు" దగ్గర నొక్కి చెబుతున్నాడని నాకనిపిస్తుంది.

డిసెంబరు 8 వచ్చిందంటే మన ఊళ్లో ఈ వచనానికి గిరాకీ పెరుగుతుంది. రాస్ హిల్ మీద మేరీమాత కొండగుడి పండగ. కొవ్వొత్తులు పట్టుకుని జనం మెట్లెక్కుతుంటే, కిందనున్న ప్రొటెస్టెంటులైన మనవాళ్లు కొందరు ఈ వచనాన్ని రాయిలా విసురుతారు. ఆ వాదన వినీ వినీ విసుగొచ్చింది. కేథలిక్కుల రెండో వాటికన్ మహాసభ 1964లో సంఘం గురించి వెలువరించిన పత్రం మరియమ్మ పాత్రను వివరిస్తూ ఈ వచనాన్నే ఎత్తి చూపింది, క్రీస్తు మధ్యవర్తిత్వానికి ఏదీ అడ్డం రాదంది. దానితో ఏకీభవించకపోవచ్చు, నేనూ పూర్తిగా ఏకీభవించను. కానీ అభిషేక తైలం సీసా కోసం తోసుకునే మనం ఆ మెట్లవైపు వేలు చూపించే ముందు కాస్త ఆగాలి.

అలాగని ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేయడం తప్పు కాదు. అందరి కొరకూ విజ్ఞాపనలు చేయమనే మాటతోనే ఆ అధ్యాయం మొదలవుతుంది. అయ్యగారిని అడగండి, అమ్మగారిని అడగండి, పక్కింటి మామ్మని కూడా అడగండి. మనకు తలుపు మూసి ఉంది, వాళ్లకే తెరుచుకుంటుంది అనుకోవడం దగ్గరే తేడా. 1805లో మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ ఈ విశాఖపట్నంలో దిగి, ఆనందరాయర్ సాయంతో తెలుగు బైబిలు పని మొదలుపెట్టారు. 1812లో మూడు సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. వాళ్ల తర్వాత ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. మధ్యలో ఎవరూ చదివి వినిపించనక్కర్లేకుండా ఈ వచనం మన చేతికి రావడానికి ఈ ఊరే మొదలు.

ఇంకో మాట యేసే అన్నాడు, మనం తొందరగా దాటేస్తాం: "మీ విషయమై నేను తండ్రిని వేడుకొందునని మీతో చెప్పుట లేదు." కారణం కూడా అక్కడే ఉంది: "తండ్రి తానే మిమ్మును ప్రేమించుచున్నాడు" (యోహాను 16:26-27). మరి ఆయన మనకోసం విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8:34లో ఉంది కదా అంటారా? ఉంది. అది ఇష్టంలేని తండ్రిని ఒప్పించడానికైతే కాదు. ఆ వచనానికి రాకముందే, 31లో, పౌలు అడిగేశాడు: "దేవుడు మనపక్షముననుండగా మనకు విరోధియెవడు?"