సెయింట్ మాగ్డలీన్: డిస్టిలరీ పోయింది, విస్కీ మిగిలింది

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరాకు పడమరన ఉన్న లిన్‌లిత్‌గో పట్టణంలో సెయింట్ మాగ్డలీన్ డిస్టిలరీ 1983లో మూతపడింది. ఆ తరువాత దాని భవనాలను నివాస గృహాలుగా మార్చేశారు. బార్లీని ఆరబెట్టిన బట్టీ మీది పగోడా ఆకారపు కప్పు మాత్రం రైలు మార్గం పక్కన ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ 1979లో తయారై, ఓక్ పీపాలో 19 ఏళ్ళు గడిపి, నీరు కలపకుండానే 60 శాతానికి పైబడిన ఆల్కహాల్ ఘాటుతో 'రేర్ మాల్ట్స్' శ్రేణిలో సీసాకెక్కిన విస్కీని రుచి చూసే అవకాశం నాకు దొరికింది.

1970లలో ఆశకొద్దీ తీసిన సరుకు అమ్ముడుపోక గోదాముల్లో పేరుకుపోవడంతో, దాని యజమాని డిస్టిలర్స్ కంపెనీ ఒకే ఏడాది పోర్ట్ ఎలెన్, బ్రోరా, డల్లాస్ డూ వంటి డిస్టిలరీలతో పాటు దీన్నీ ఆపేసింది. బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో తిరిగి తెరుచుకున్నాయి. సెయింట్ మాగ్డలీన్‌కు ఆ యోగం లేదు. ఇక్కడి సరుకు చాలావరకు బ్లెండ్లలో, అంటే పలు డిస్టిలరీల విస్కీలను కలిపి చేసే మిశ్రమాల్లో, కలిసిపోయేది కాబట్టి, ఈనాడు అపురూపంగా చూసుకుంటున్న ఈ పీపాలను అప్పట్లో ఎవరూ భావితరాల కోసం దాచిపెట్టలేదన్న సంగతి నన్ను బాగా కదిలిస్తుంది.

గ్లాసులో పోసి కొంతసేపు వదిలేశాను. మొదట వచ్చిన ఘాటు తగ్గాక ఎండుగడ్డి, నిమ్మతొక్క వాసనలు, వాటి వెనుక లోలాండ్ (దక్షిణ స్కాట్లాండ్) విస్కీలో నేను ఊహించని సన్నని పొగ తెలిశాయి. నీరు కలపకుండా తీసుకున్న గుక్క పొడిగా, కటువుగా, నాలుకను బిగబట్టేలా ఉంది. కొద్దిగా నీరు చేర్చాక తేనెమైనం వాసన, బార్లీ తీపి మెల్లగా బయటపడ్డాయి, చివరికి బాదంపొట్టు లాంటి చిరుచేదు చాలాసేపు నిలిచింది. ఇది అందరికీ నచ్చే రుచి కాదు. నాకు మాత్రం ఆ కాఠిన్యమే నచ్చింది, ఎందుకంటే అందులో వినిపించేది పీపా కాదు, ఆ డిస్టిలరీయే.

వయసు పెరిగేకొద్దీ విస్కీ మేలవుతుందన్న నమ్మకాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను. పీపాలో ఉన్నది ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుండగా, మిగిలినదానికి ఓక్ చెక్క వెనిలా పరిమళాన్నీ వగరునూ ఇస్తూపోతుంది. ఆ వగరు హద్దు దాటితే ఏ డిస్టిలరీ విస్కీ అయినా ఒకే తీరుగా తోస్తుంది. ఇంత సున్నితమైన గడ్డివాసన మరో పదేళ్ళు పీపాలో ఉంటే నిలిచేదని నేను అనుకోను.

సీసాలోకి చేరాక విస్కీ వయసు పెరగదు కనుక, తాగకుండా దాచినంత మాత్రాన రుచి పెరగదు. సీసాను నిలువుగానే ఉంచాలి, లేకపోతే ఇంత ఘాటైన సారాయి కార్కును తినేస్తుంది. సగానికి దిగిన సీసాను కొన్ని నెలల్లోనే పూర్తిచేయడం మంచిది. లోపల చేరిన గాలికి ముందుగా మసకబారేవి ఆ నిమ్మ, గడ్డి వాసనలే.